హాజరు పట్టీ చెప్పిన చరిత్ర

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శి గారు కోరారు. చెన్నకేశవస్వామి ఆలయం గురించీ, కంభం చెరువు గురించీ సాధికారంగా రాయగల పెద్దలు మనలో ఉన్నారు. రెవెన్యూ శాఖలో ముప్పై ఆరేళ్ళు ఫైళ్ళు తిరగేసిన నాకు చేతనైనది రికార్డు చూసి రాయడం ఒక్కటే. ఇప్పుడు నా ముందున్న రికార్డు ఒక హాజరు పట్టీ. మార్కాపురంలో రోజూ తెల్లవారుజామున మేము కొందరం కలుసుకునే హైస్కూలు మైదానంలో పుట్టిన పుస్తకమది.

2011 ఫిబ్రవరిలో నాకు గుండెపోటు వచ్చింది. హైదరాబాదులో బైపాస్ చేశారు. ఇంటికి పంపేటప్పుడు చేతికిచ్చిన కాగితంలో మందుల పేర్లున్నాయి గాని, ఎప్పుడు లేవాలి, ఎంత నడవాలి అన్న ముక్క లేదు. అది ఏ ఆసుపత్రో ఇక్కడ అప్రస్తుతం. చూడవచ్చిన బంధువులందరిదీ ఒకటే మాట, "కదలొద్దు". కదలలేదు. ఏప్రిల్ నాటికి గాయం మానింది గాని దిగులు పట్టుకుంది. రాత్రి మూడింటికే మెలకువ. పేపరు చదవబుద్ధి కాదు. మనవడు పలక పట్టుకొని వచ్చి పక్కన కూర్చుంటే విసుక్కున్నాను. నా పెన్షను కాగితాల్లో మా ఆవిడ పేరు సరిగ్గా ఉందో లేదో నాలుగుసార్లు తీసి చూసుకున్నాను. ఎందుకు చూసుకున్నానో సాటి పెన్షనర్లకు వేరే చెప్పనక్కర్లేదు. మా అబ్బాయి పసిగట్టి ఒంగోలులో మానసిక వైద్యుని దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన మాత్రలు రాసి, నడవమని కూడా చెప్పారు. మాత్రలు వేసుకున్నాను. నడవలేదు.

"కదలొద్దు" అన్న మాటకూ ఒక చరిత్ర ఉంది. గుండెపోటు వచ్చిన మనిషిని వారాల తరబడి మంచానికే పరిమితం చేయడం ఒకప్పుడు ప్రపంచమంతటా ఉన్న వైద్యమే. 1952లో అమెరికాలో లెవైన్, లౌన్ అనే ఇద్దరు వైద్యులు రోగిని మంచం దింపి కుర్చీలో కూర్చోబెట్టవచ్చని చెప్పారు. ఆ రోజుల్లో అదే పెద్ద సాహసం. మరుసటి సంవత్సరం, 1953లో, లండన్లో జెర్రీ మోరిస్ అనే ఆయన రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి రాసిన వ్యాసం వచ్చింది. రోజంతా కూర్చొని నడిపే డ్రైవర్ల కంటే, మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చిందనీ, వచ్చినా తీవ్రత తక్కువగా ఉందనీ ఆయన తేల్చారు. కుర్చీలో పనిచేసే గుమస్తాలకూ, తిరిగి ఉత్తరాలు పంచే పోస్టుమాన్లకూ మధ్య కూడా అలాంటి తేడాయే కనిపించింది. మన సంఘంలో ఆర్టీసీ వారూ, తపాలా వారూ ఉన్నారు గనుక ఈ సంగతి కాస్త విపులంగా రాశాను. గుమస్తాల పక్షాన నేనున్నాను.

ఆ ఏడు మే నెలాఖరులో, మా ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరైన ఆయన మా ఇంటికి వచ్చాడు. "సార్, రేపు తెల్లారి గ్రౌండుకు రండి. మీరు నడవొద్దు. ఊరికే కూర్చొని హాజరు వేయండి. నా అక్షరాలు మీకు తెలుసు గదా" అన్నాడు. ఇరవై ఏళ్ళు నా బల్ల మీద ఫైళ్ళు పెట్టిన మనిషి. కాదనలేకపోయాను. 2011 జూన్ 1వ తేదీ పేజీలో పదకొండు పేర్లున్నాయి. అందులో నా పేరు నేనే రాసుకున్నాను.

వ్యాయామం చేయించేది రిటైరైన ఒక డ్రిల్లు మాస్టారు. ఆయన "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని లెక్క మొదలుపెట్టగానే నాకు గిద్దలూరులో బడి రోజులు గుర్తుకొచ్చాయి. అప్పట్లో గిద్దలూరు, మార్కాపురం కర్నూలు జిల్లాలోనివి. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇటు కలిశాయి. మా చిన్నప్పటి డ్రిల్లు పీరియడుకు మూలం మద్రాసులో ఉంది. 1920లో హ్యారీ బక్ అనే అమెరికన్ అక్కడ వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల స్థాపించారు. ఈ ప్రాంతమంతా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో బడులకు వ్యాయామోపాధ్యాయులను తయారుచేసిన ముఖ్యమైన చోటు అది. అంతకు ముందే మన కోడి రామ్మూర్తి నాయుడు గారు విజయనగరంలో వ్యాయామం నేర్పి, తర్వాత సర్కసు పెట్టి దేశదేశాల పేరు తెచ్చుకున్నారు. అయితే ఆయనది చూసి ఆశ్చర్యపోవలసిన బలం. డ్రిల్లు అలా కాదు. వరుసలో బక్కపలచనివాడూ చేతులెత్తుతాడు, పక్కవాడు ఎత్తాడు గనుక.

మా వరుస కూడా అలాంటిదే. పలకల ఫ్యాక్టరీలో పనిచేసి దగ్గుతో ఇబ్బందిపడే ఆయన ఒకరు. పక్షవాతం వచ్చి ఎడమ చేయి లేవని బస్సు డ్రైవరు ఒకరు. కనిగిరి వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఒక టీచరుకు మెడ తిరగదు, నడుము వంగదు, ఫ్లోరైడు నీళ్ళ ఫలితం. ఆ జబ్బును 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో వైద్యులు గుర్తించి రాశారు. వ్యాయామంతో అది పోదు. మాస్టారు ఆయన చేత కుర్చీలో కూర్చోబెట్టి భుజాలు, చేతివేళ్ళు మాత్రం ఆడించేవారు. రొమ్ము క్యాన్సరుకు ఆపరేషనై, తలకు గుడ్డ చుట్టుకొని వచ్చిన ఒక అక్కగారి పేరు 2013 మార్చిలో పట్టీలోకెక్కింది. ఆమె వచ్చాకే మిగతా ఆడవాళ్ళు రావడం మొదలైంది.

నేను మొదటి వారం కుర్చీ వదల్లేదు. రెండో వారం గోల్ పోస్టు దాకా. జూలైలో ఒక చుట్టు. మా పట్టీకి ఒక నియమముంది. వరుసగా రెండు రోజులు సంతకం లేకపోతే మూడో రోజు ఎవరో ఒకరు ఇంటికి వెళ్ళాలి. ఆగస్టులో నేను రెండు రోజులు మానేశాను, దిగులు మళ్ళీ కమ్మింది. మూడో రోజు ఐదున్నరకు ఆ డ్రైవరు గారు మంచిచేత్తో మా గేటు తట్టి అరుగు మీద కూర్చున్నారు. ఏమీ అడగలేదు. మా ఆవిడ ఇచ్చిన టీ తాగి, "పదండి సార్" అన్నారు. చెప్పులేసుకున్నాను.

ఈ విషయంలో శాస్త్రం ఏమంటుందో తర్వాత వెతికి చదివాను. 1999లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం వారు కుంగుబాటుతో ఉన్న యాభై దాటిన 156 మందిని మూడు భాగాలు చేసి, ఒకరికి మందు, ఒకరికి బృందంతో వ్యాయామం, ఒకరికి రెండూ ఇచ్చారు. పదహారు వారాలకు ముగ్గురికీ దాదాపు ఒకే మేలు కనిపించింది, మందు మాత్రం ముందుగా పనిచేసింది. 2007లో మళ్ళీ 202 మందితో చూస్తే, నయమైనవారు బృంద వ్యాయామంలో నూటికి 45, ఇంట్లో ఒంటరిగా చేసినవారిలో 40, మందుతో 47, ఉత్తుత్తి మాత్రతో 31. కాబట్టి గుంపు మహిమను నేను అతిగా పొగడను. నేనూ మాత్రలు ఏడాదిన్నర వేసుకొని, డాక్టరు తగ్గిస్తేనే తగ్గించాను. అయితే ఇంట్లో ఒంటరిగా చేసే నలభైమందిలో నేను ఉండేవాణ్ణి కాదని నాకు తెలుసు.

2012 సంక్రాంతి తర్వాత అందరం కంభం చెరువు చూడబోయాం. కట్ట పైదాకా ఎక్కాను. పైన నిలబడి గుండ్లకమ్మ నీళ్ళు చూస్తూ అటెండరు పట్టీ తీసి, అక్కడే హాజరు వేశాడు.

2020 మార్చి 23 తర్వాత పేజీలు ఖాళీగా ఉన్నాయి. కరోనా నెలల్లో ఉదయం ఐదున్నరకు ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం. మళ్ళీ మొదలైన పేజీలో రెండు పేర్లు లేవు. అటెండరు అందులో ఒకడు. అప్పటినుంచి పట్టీ నా దగ్గరే ఉంది.

ఇప్పుడు నడుస్తున్నది ఏడో పుస్తకం. నిన్న 31 సంతకాలు పడ్డాయి. ఒక గడి రెండు రోజులుగా ఖాళీ. ఈ కాగితాలు కార్యదర్శి గారికి అందజేసి, రేపు తెల్లవారి ఆ ఇంటికి నేను వెళ్ళాలి.