పుట్టుకే నేరమైన రోజులు

బేతంచెర్ల అంటే నాపరాయి. రాతి పని అంటే వడ్డెరలు. ఆ కష్టజీవుల్లో కొందరిని ఒకనాటి సర్కారు 'దొంగ వడ్డెర్లు' అని రికార్డుల కెక్కించిందంటే ఈ తరంవారు నమ్మకపోవచ్చు. కాని అది జరిగిన చరిత్రే.

1871లో ఆంగ్ల ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఒక కులాన్ని గెజెట్‌లో ప్రకటించి పేరు రాసుకుంటే చాలు, ఏ తప్పూ చేయనివాడు సైతం వేలిముద్రలు వేయాలి, పోలీసులకు హాజరు చెప్పుకోవాలి.

ఎరుకలవారి సంగతే చూడండి. ఎద్దులపై ఉప్పు, ధాన్యం వేసుకొని ఊరూరా తిరిగి అమ్ముకునేవారు. రైళ్లు వచ్చి, ఉప్పుమీద సర్కారు పెత్తనం పెరిగాక ఆ బేరం పోయింది. తిరిగేవాళ్లు గనుక అనుమానమూ వారిమీదే పడింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలోనూ, మన ఆత్మకూరు వైపు సిద్ధాపురంలోనూ సెటిల్మెంట్లు వెలిశాయి. స్టూవర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది. అక్కడివారు చీరాల పొగాకు కంపెనీలో కూలికి వెళ్లేవారు. అన్నిటికంటె ఘోరమేమంటే, పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి బడుల్లో ఉంచే అధికారం చట్టమే ఇచ్చింది. బిడ్డ బాగుపడాలంటే కన్నవారి నీడ పడరాదట!

విచారణలు జరగకపోలేదు. 1919-20 నాటి జైళ్ల కమిటీ సెటిల్మెంట్ల పద్ధతినే బలపరచింది. 1947లో మద్రాసు ప్రభుత్వం చట్టాన్ని ఎత్తివేసింది. 1949లో కేంద్రం మన తిరుపతి ప్రాంతీయుడైన అనంతశయనం అయ్యంగారు అధ్యక్షతన కమిటీ వేసింది. ఆ మీదట 1952 ఆగస్టు 31న దేశమంతటా చట్టం రద్దయింది. కాని దాని చోట అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. 2008లో రెంకే కమిషన్ ఈ కులాల పేదరికాన్ని మళ్లీ సర్కారు ముందుంచింది.

అదే 2008లో ఆస్ట్రేలియా, కెనడా ప్రధానులు ఆదివాసులకు పార్లమెంటులోనే క్షమాపణ చెప్పారు. తల్లి ఒడి నుండి తీసుకుపోయిన పిల్లల గోడును ఆస్ట్రేలియా విచారణ 1997లోనే వెలికి తెచ్చింది. కెనడా కమిషన్ 6,000 మందికి పైగా సాక్షుల మాట విని, 2015లో నివేదిక ఇచ్చింది. మన విచారణలు ముఖ్యంగా చట్టం ఉండాలా, పోవాలా అని చూశాయి. ఆ పిల్లలు ఏం పోగొట్టుకున్నారన్నది వెనుకబడింది.

చట్టం కాగితం మీద రద్దవుతుంది, మనసులో ముద్ర రద్దు కాదు. 'స్టూవర్టుపురం దొంగ' అని నేటికీ తేలిగ్గా అనేస్తాం. పుట్టుకను బట్టి మనిషిని అనుమానిస్తే ఎంత నొప్పో ఎరిగినవారు ముందుగా ఆ మాట మానాలి. ఆ కులాల పెద్దలు చెప్పే జ్ఞాపకాలను మన చదువుకున్న యువకులు రాసిపెడితే, అది కూడా ఒక విచారణే అవుతుంది.