బయోఈక్వివలెన్స్ పరీక్షల్లో మోసం: హైదరాబాద్ ఈసీజీల కేసు

పేటెంటు గడువు తీరిన మందును వేరే కంపెనీ జనరిక్‌గా, చవగ్గా తయారుచేసినప్పుడు, అది అసలు మందులాగే ఒంట్లోకి చేరుతోందని రుజువు చేసేదే బయోఈక్వివలెన్స్ పరీక్ష. సాధారణంగా ఇందులో పాల్గొనేది రోగులు కారు, ఆరోగ్యంగా ఉన్న కొద్దిమంది వాలంటీర్లు. వాళ్లకు ఒకసారి అసలు మందు, కొన్నాళ్లు ఆగి జనరిక్ మందు ఇచ్చి, లెక్క ప్రకారం పలుసార్లు రక్తం తీస్తారు. రక్తంలో మందు గరిష్ఠంగా ఎంతకు చేరింది, మొత్తమ్మీద ఎంత చేరింది అని చూస్తారు. రెండు మందుల నిష్పత్తికి లెక్కగట్టిన 90 శాతం విశ్వాస అంతరం మొత్తం 80 నుంచి 125 శాతం హద్దుల్లో ఉంటే సమానమేనని తీర్పు. వేల మంది రోగులపై చేసిన పాత ప్రయోగాలను మళ్లీ చేయనక్కర్లేదు. అంటే జనరిక్ మందు మీద నమ్మకమంతా ఈ చిన్న పరీక్ష కాగితాల మీదే నిలబడి ఉంటుంది.

అమెరికా 1984లో హాచ్-వాక్స్‌మన్ చట్టంతో ఈ దగ్గరిదారి తెరిచింది. ప్రభుత్వ రంగ ఔషధ సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చిన కల్లం అంజిరెడ్డి హైదరాబాద్‌లో డాక్టర్ రెడ్డీస్ పెట్టిందీ ఆ ఏడాదే. జనరిక్ పరిశ్రమ పెరిగేకొద్దీ, దాని వెంటే కంపెనీల తరఫున పరీక్షలు చేసిపెట్టే కాంట్రాక్టు సంస్థలూ నగరంలో వెలిశాయి. జీవీకే బయోసైన్సెస్ వాటిలో ఒకటి. దాని క్లినికల్ కేంద్రం అమీర్‌పేటలోని స్వర్ణజయంతి కాంప్లెక్స్‌లో ఉండేది.

2014 మే నెలలో ఫ్రాన్స్ ఔషధ నియంత్రణ సంస్థ ఇన్‌స్పెక్టర్లు అక్కడికి తనిఖీకి వచ్చారు. వాళ్లు పట్టుకున్నది రక్తపరీక్షల అంకెలను కాదు, వాలంటీర్ల ఈసీజీలను. గుండె వేగం పూటపూటకూ మారినా, గీతలోని ఎత్తుపల్లాల తీరు మనిషిని బట్టి ఉంటుంది. ఒకరి ఈసీజీలనే వేరేవాళ్లవిగా ఫైళ్లలో పెట్టారని, చూసిన తొమ్మిది పరీక్షల్లోనూ ఇదే వరస అని వాళ్లు తేల్చారు. ఇది కనీసం అయిదేళ్లుగా సాగుతోందని, చేతులు కలిపినవాళ్లు ఒకరిద్దరు కారని యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ అభిప్రాయపడింది.

ఆ డిసెంబరులో ఫ్రాన్స్ 25 జనరిక్‌ల అనుమతులు నిలిపేసింది. 2015 జనవరిలో ఏజెన్సీ వెయ్యికి పైగా మందుల రకాలను పరిశీలించి, దాదాపు 700 రకాలను ఆపమంది. మరో 300కు పైగా మందులకు మాత్రం వేరే చోటి నుంచి తగిన ఆధారాలు దొరికాయి కాబట్టి అవి బతికిపోయాయి. ఈ కేసులో అందరూ గుర్తుపెట్టుకోవలసిన అంకె 700 అనుకుంటారు గానీ, నన్నడిగితే 300 అంటాను. ఒకే ప్రయోగశాల మాట మీద ఆధారపడిన మందుకూ, రెండో సాక్ష్యం ఉన్న మందుకూ తేడా అక్కడ కనిపిస్తుంది. ఆపేసిన మందుల వల్ల ఎవరికైనా హాని జరిగిందని గానీ, అవి పనిచేయలేదని గానీ ఆధారం లేదని ఏజెన్సీయే చెప్పింది.

ఈసీజీలు సమానత్వాన్ని తేల్చే కొలతలు కావని కంపెనీ వాదించింది. సాంకేతికంగా అది నిజమే. తేల్చేది రక్తంలోని మందే. కానీ ఎవరూ చూడరనుకున్న కాగితాన్ని కల్పించిన చేతులు, అందరూ చూసే కాగితాన్ని వదిలేశాయని ఎలా నమ్మాలన్నదే యూరప్ ప్రశ్న. ఆపమన్న ఆ మందులపై యూరప్ నిషేధం 2015 ఆగస్టు 21 నుంచి అమలన్నారు. దానికి నిరసనగా భారత్ యూరప్‌తో వాణిజ్య ఒప్పందం చర్చలను వాయిదా వేసింది.

వాలంటీర్ల వైపు కథ ఇంతకంటే పాతది. 2011లో పల్నాడులోని పిడుగురాళ్ల ప్రాంతపు పేద మహిళలను డబ్బాశ చూపి హైదరాబాద్‌లోని యాక్సిస్ క్లినికల్స్‌లో పరీక్షలకు తీసుకెళ్లారన్న ఆరోపణలపై పెద్ద దుమారం రేగింది. ఆ సంస్థ పరీక్షల అనుమతిని కేంద్రం సస్పెండ్ చేసింది. డబ్బు కోసం వచ్చే మనిషి పాత జబ్బునో, మొన్ననే మరోచోట మందు మింగిన సంగతినో దాస్తే, పరీక్షించేవాళ్లు ఎంత నిజాయతీపరులైనా అంకెలు చెడతాయి.

మోసాలు హైదరాబాద్‌తో ఆగలేదు. 2016లో బెంగళూరులోని సెమ్లర్ కేంద్రంలో వాలంటీర్ల నమూనాలనే మార్చేశారని అమెరికా ఎఫ్‌డీఏ తేల్చింది. 2023 చివర్లో పుణెలోని సినాప్స్ ల్యాబ్స్ పరీక్షల మీద ఆధారపడిన మందులపై యూరప్ మళ్లీ వేటు వేయమంది.

ఇంత హడావుడీ యూరప్ రోగి కోసం. పాలకొల్లు లాంటి ఊళ్లో మందుల షాపుకెళ్లి బీపీ బిళ్లలు కొనుక్కునే మనిషికి అప్పట్లో ఆ కాపలా కూడా సరిగా లేదు. కొత్త మందుకు అనుమతి వచ్చి నాలుగేళ్లు దాటితే, దాని నకలుకు రాష్ట్ర స్థాయిలోనే లైసెన్సు దొరికేది, బయోఈక్వివలెన్స్ పరీక్ష అడిగేవారు కారు. 2017 ఏప్రిల్‌లో కేంద్రం నిబంధనలు సవరించి, కరిగే తీరును, ఒంట్లో ఇంకే తీరును బట్టి చేసిన మందుల వర్గీకరణలో నీటిలో సరిగా కరగని రెండు, నాలుగు తరగతుల మందులకు ఆ పరీక్షను తప్పనిసరి చేసింది. మిగతా తరగతులను దాని పరిధిలోకి తేలేదు.