కలర్ గార్డ్ (మార్చింగ్ బ్యాండ్)

కలర్ గార్డ్ అనేది అమెరికా సంయుక్త రాష్ట్రాల ఉన్నత పాఠశాలల్లో మార్చింగ్ బ్యాండుకు అనుబంధంగా ఉండే ప్రదర్శన బృందం. బ్యాండులోని మిగిలినవారు బాకాలు, డోళ్ళు, వేణువులు వాయిస్తూ మైదానంలో నడుస్తుండగా, కలర్ గార్డు విద్యార్థులు ఏ వాద్యమూ చేపట్టక జెండాలు, కొయ్య తుపాకులు, పదును లేని కత్తులు త్రిప్పుతూ, వాటిని గాలిలోకి ఎగురవేసి పట్టుకుంటూ, నృత్యం చేస్తూ ఆ సంగీతానికి దృశ్యరూపం కల్పిస్తారు. ఒక వాద్యకారుని తప్పు నూరుమంది ధ్వనిలో కలిసిపోవచ్చును గాని, వీరి చేతినుండి జారిన జెండాను స్టేడియంలోని ప్రతి ఒక్కరూ చూస్తారు. పడిపోయిన జెండాను ఎలా లెక్కించాలి అనే ప్రశ్న ఈ పోటీల చరిత్రలో మొదటినుండీ ఉన్నది.

పేరు

ఇక్కడ కలర్ అనగా రంగు కాదు. సైనిక పరిభాషలో "కలర్స్" అంటే దళం యొక్క పతాకం. మన దేశంలో రాష్ట్రపతి సైనిక దళాలకు ప్రదానం చేసే "ప్రెసిడెంట్స్ కలర్స్" అనే మాటలో ఉన్నదీ ఈ అర్థమే. కనుక కలర్ గార్డును తెలుగులో "పతాక రక్షక దళం" అనవచ్చును. "రంగుల కాపలా" అని మాటకు మాట అనువదిస్తే అర్థం చెడుతుంది. అయితే నేటి బృందాలు పట్టుకునేవి రంగురంగుల గుడ్డలే కావడం వలన ఈ పొరపాటు సహజమే.

నేపథ్యం

మొదటి ప్రపంచ యుద్ధంలో పాల్గొన్న అమెరికన్ సైనికులు 1919లో అమెరికన్ లీజియన్ అనే సంఘాన్ని స్థాపించారు. ఈ సంఘమూ, వెటరన్స్ ఆఫ్ ఫారిన్ వార్స్ అనే మరొక మాజీ సైనికుల సంఘమూ డ్రమ్ములు, బ్యూగిళ్ళ దళాలకు పోటీలు నిర్వహించేవి. దళం జాతీయ పతాకంతో మైదానంలోకి రావడం, పతాకానికి ఇరుపక్కలా ఆయుధధారులు నడవడం, ప్రదర్శనలో భాగంగా పతాకానికి వందనం చేయడం ఆ పోటీల ఆనవాయితీ. 1923లో రూపొంది, 1942లో అమెరికన్ కాంగ్రెసు చట్టంగా ఆమోదించిన పతాక నియమావళి ప్రకారం జాతీయ పతాకం నేలను తాకరాదు. అందుచేత ఆ రోజుల్లో జెండా పడడాన్ని నైపుణ్య లోపంగానే గాక అపచారంగా కూడా భావించేవారు.

కాలక్రమంలో జాతీయ పతాకం పక్కన దళం తాలూకు ఇతర జెండాలు చేరాయి. జాతీయ పతాకాన్ని త్రిప్పడం, ఎగురవేయడం తగదు గాని, ఈ కొత్త జెండాలకు ఆ నిషేధం లేదు. క్రమంగా వీటి విన్యాసాలే ముఖ్యమై, జాతీయ పతాకం ప్రదర్శననుండి తప్పుకొన్నది. 1971లో డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ అనే సంస్థ ఏర్పడి, 1972లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్‌లో తొలి ఛాంపియన్‌షిప్ జరిపింది. ఆ దళాలలో పుట్టిన విన్యాసాలు పాఠశాల బ్యాండులకు పాకాయి. డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ ఉత్తమ కలర్ గార్డుకు ఇచ్చే పురస్కారం, ప్రదర్శనల రూపకల్పనలో పేరు పొందిన జార్జ్ జింగలీ పేరిట ఉన్నది.

పరికరాలు

జెండా కర్ర సాధారణంగా 6 అడుగుల పొడవుండే అల్యూమినియం గొట్టం. చివరలకు రబ్బరు తొడుగులు వేసి, తూకం సరిపోవడానికి లోపల బోల్టులు అమరుస్తారు. దానికి కట్టే గుడ్డను అందరూ "సిల్క్" అనే పిలుస్తారు గాని అది పాలిస్టర్ బట్ట. మన కర్రసాములో చేతిని అంటిపెట్టుకొని తిరిగే కర్రను చూసినవారికి ఈ త్రిప్పుడు కొత్తగా తోచదు. భేదమల్లా గుడ్డ వలన వచ్చేదే. గాలి ఎటు వీస్తే గుడ్డ అటు లాగుతుంది కాబట్టి, వ్యాయామశాలలో నూరుసార్లు చక్కగా పట్టిన జెండా ఆరుబయట నూటొకటవసారి చేజారవచ్చును.

తుపాకి అనగా సుమారు 3 అడుగుల కొయ్య నమూనా మాత్రమే. అది పేలదు. గాలిలో ఎన్ని చుట్లు తిరిగితే ఆ లెక్కతో డబుల్, ట్రిపుల్, క్వాడ్ అని ఎగురవేతకు పేరు పెడతారు. మణికట్టు కమిలిపోవడం, వేళ్ళు బెణకడం సర్వసాధారణం. తుపాకి ఆకారం పాఠశాల ఆవరణలో ఉండడంపై అభ్యంతరాలు వచ్చిన కొన్నిచోట్ల వేరే ఆకారం గల కొయ్యబద్దను వాడుతున్నారు.

సాధన

బృందం ఎంపిక సాధారణంగా వేసవి సెలవులకు ముందే జరుగుతుంది. పాఠశాల తెరవకముందే ఎండలో "బ్యాండ్ క్యాంప్" మొదలవుతుంది. మైదానంలో ప్రతి విద్యార్థికీ ప్రతి ఘట్టంలో నిలబడవలసిన చోటు కాగితంపై గుర్తించి ఉంటుంది. 5 గజాల దూరాన్ని 8 అడుగులలో దాటాలి, అనగా ఒక్కొక్క అడుగు 22.5 అంగుళాలు. చేతిలో జెండా తిరుగుతుండగా, ముఖం ప్రేక్షకుల వైపు ఉండగా, కాలు ఈ కొలత తప్పరాదు. ఒకరు జ్వరంతో రాకపోతే ఆ చోటు ఖాళీగా కనబడుతుంది. చాలా బృందాలలో అందరూ మైదానంలో ఉండేవారే గాని, ఫుట్‌బాల్ జట్టులో వలె బయట కూర్చొని పిలుపు కోసం ఎదురుచూసేవారు తక్కువ. బృందాలలో బాలికలే ఎక్కువ, బాలురు కూడా చేరుతారు.

శరదృతువులో శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ ఆట విరామంలో ప్రదర్శన, శనివారం పోటీ. తల్లిదండ్రులు దుస్తులు కుట్టడం, సామాను మోయడం వంటి పనులు చేస్తారు. ఆ పోటీల కాలం ముగిశాక వ్యాయామశాలల్లో "వింటర్ గార్డ్" పోటీలు ఆరంభమవుతాయి. అక్కడ బ్యాండు ఉండదు. రికార్డు చేసిన సంగీతానికి, నేలపై పరచిన చిత్రించిన పట్టా మీద కలర్ గార్డు ఒక్కటే ప్రదర్శన ఇస్తుంది. పట్టాను పరచి, ఆట ముగించి, మడిచి తీసుకుపోవడం కూడా నిర్ణీత కాలంలోనే జరగాలి.

పోటీలు, తీర్పు

1975లో మొదలైన బ్యాండ్స్ ఆఫ్ అమెరికా సంస్థ జాతీయ పోటీలలో కలర్ గార్డు బ్యాండులో భాగంగానే పోటీ పడుతుంది. 2008 నుండి ఈ పోటీలకు ఇండియానాపొలిస్‌లోని లూకాస్ ఆయిల్ స్టేడియం వేదికగా ఉన్నది. ఇండియానా రాష్ట్రంలోని ఏవన్ ఉన్నత పాఠశాల 2008, 2009, 2010లలో వరుసగా మూడుసార్లు విజేత అయింది. వింటర్ గార్డు పోటీలను 1977లో ఏర్పడిన వింటర్ గార్డ్ ఇంటర్నేషనల్ నిర్వహిస్తుంది. దీని ప్రధాన కార్యాలయం ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరంలో ఉన్నది. పాఠశాల బృందాలను, స్వతంత్ర బృందాలను వేరుచేసి, నైపుణ్యాన్నిబట్టి ఏ, ఓపెన్, వరల్డ్ అనే తరగతులుగా విభజిస్తారు.

పూర్వం డ్రమ్ కోర్ పోటీలలో "టిక్" పద్ధతి ఉండేది. పూర్తి మార్కులతో మొదలుపెట్టి, కనబడిన ప్రతి తప్పుకూ 0.1 చొప్పున తగ్గించేవారు. ఈ పద్ధతిలో కష్టమైన విన్యాసానికి సాహసించినవారికంటే తేలికదానిని తప్పులేకుండా చేసినవారికే లాభం. డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ 1984లో దీనిని విడిచిపెట్టి, చేసినదానికి మార్కులు కూడబెట్టే పద్ధతిని ప్రవేశపెట్టింది. చాలాకాలం విద్యార్థుల జవాబుపత్రాలు దిద్దినవారికి ఈ రెండు పద్ధతుల భేదం వేరుగా వివరించనక్కరలేదు.

నేడు వింటర్ గార్డ్ ఇంటర్నేషనల్ పోటీలలో మొత్తం 100 మార్కులు. పరికరాల వినియోగానికి 20, శరీర చలనానికి 20, రూపకల్పనకు 20, సమగ్ర ప్రభావానికి 40 కేటాయిస్తారు. పరికరాల విభాగంలో ఏమి చేయించారు, ఎలా చేశారు అనే రెండు దృష్టులతో తీర్పు ఉంటుంది. జెండా పడిపోతే ఆ లోపం "ఎలా" అన్నచోట లెక్కకు వస్తుంది, కాని ప్రదర్శన అంతటితో చెడిపోదు. పడినదానిని ఎప్పుడు, ఎలా తీసుకోవాలో కూడా సాధనలో నేర్పుతారు. కంగారుగా పరుగెత్తక, తరువాతి తాళానికి వంగి అందుకొని మిగిలినవారితో కలవాలి. వీలుకాకపోతే ఖాళీ చేతులతోనే ఆ కదలికలు పూర్తిచేయాలి. ముఖంలో మార్పు కనబడరాదు. పదిహేనేళ్ళ పిల్లకు ఎగురవేత కంటే ఇదే కష్టం. నేటి ప్రదర్శనలలో తరువాతి ఘట్టానికి కావలసిన జెండాలను ముందుగానే నేలపై పరచి ఉంచడం కూడా మామూలే. తొలినాటి మాజీ సైనికులు చూస్తే ఏమనేవారో!

తెలుగువారు

టెక్సస్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలలో తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో ఉండడం వలన, అక్కడి పాఠశాల బ్యాండులు మన పిల్లలకు కూడా అందుబాటులో ఉన్నాయి. కూచిపూడి నేర్చిన పిల్లలకు తాళజ్ఞానం, ముఖాభినయం ఇక్కడ అక్కరకు వస్తాయి. శనివారపు పోటీలకూ నృత్య తరగతులకూ పొత్తు కుదరకపోవచ్చును. టెక్సస్‌లో మార్చింగ్ బ్యాండును వ్యాయామ విద్యకు బదులుగా లెక్కించే వీలు కలదు.

2020

ఉన్నత పాఠశాల చదువు నాలుగేళ్ళే. 2020లో కోవిడ్ కారణంగా డేటన్‌లో జరగవలసిన వింటర్ గార్డు ప్రపంచ ఛాంపియన్‌షిప్ రద్దయినప్పుడు, ఆ సంవత్సరం చివరి తరగతిలో ఉన్నవారికి తమ పాఠశాల పక్షాన మరొక అవకాశం లేకపోయింది. 2021లో పోటీలు వీడియోల ద్వారా జరిగాయి. డేటన్‌లో ప్రత్యక్ష ఛాంపియన్‌షిప్ 2022లో తిరిగి మొదలయింది.