నాలుగు వేర్ల సూప్, నెలసరి నొప్పి: ప్రయోగాల సాక్ష్యం ఎంత?

తైవాన్‌లోనూ దక్షిణ చైనాలోనూ ఎన్నో ఇళ్లలో ఆడపిల్లకు నెలసరి ముగిశాక తల్లి ఒక నల్లటి సూప్ కాచి పెడుతుంది. కోడిమాంసమో పంది పక్కటెముకలో వేసి, నాలుగు రకాల ఎండు వేర్లు, గుప్పెడు చైనా రేగుపళ్లు, కొద్దిగా బియ్యపు మద్యం కలిపి సన్నని సెగ మీద గంటకు పైగా మరిగిస్తుంది. దాని పేరు సీ వూ తాంగ్, అంటే నాలుగు ద్రవ్యాల కషాయం. సింగపూర్, మలేషియా సూపర్‌మార్కెట్లలో ఈ వేర్లు కలిపిన పొట్లాలు దొరుకుతాయి కాబట్టి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఇది కొత్త కాదు. నెలసరి నొప్పి తగ్గుతుందని ఈ సూప్‌కు పేరు. ఆ పేరుకు తగిన ఆధారం ఉందా అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

నాలుగింటిలో ముఖ్యమైనది దాంగ్‌గుయ్. గాన్సు రాష్ట్రంలోని మిన్ జిల్లా వేరుకు గిరాకీ ఎక్కువ. ఇది మన కొత్తిమీర, జీలకర్ర, వాముల కుటుంబానికి చెందిన మొక్క. పొట్లం విప్పగానే గుప్పుమనే ఘాటు వాసన దీనిదే. సిచువాన్‌లో పండే చువాన్‌షియోంగ్ కూడా అదే కుటుంబం. మూడోది బైషావ్, పియొనీ పూలమొక్క వేరు. నాలుగోది షూదీహువాంగ్. హెనాన్‌లో పండే ఒక దుంపవేరును మద్యంతో కలిపి, నల్లబడి జిగురుగా మారేదాకా పదే పదే ఆవిరి మీద ఉడికించి, ఎండబెడతారు. సూప్‌కు నల్లరంగు, తీపి దీని వల్లే వస్తాయి.

ఈ యోగం, అంటే ఈ మూలికల కూర్పు, మొదట నెలసరి కోసం పుట్టింది కాదు. 9వ శతాబ్దపు చైనా వైద్యగ్రంథం ఒకటి దీన్ని పడిపోయి దెబ్బలు తగిలినవాళ్లకు చెప్పింది. సాంగ్ రాజుల కాలంలో ప్రభుత్వ ఔషధశాల యోగాల గ్రంథంలోకి ఎక్కాక స్త్రీల మందుగా స్థిరపడింది. అంతకన్నా పాతది, ఇంకా వంటకు దగ్గరైనది మరొకటి ఉంది. హాన్ రాజవంశపు చివరి రోజుల వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ చెప్పిన దాంగ్‌గుయ్, అల్లం, మేకమాంసం సూప్. కడుపులో చలువ చేసి వచ్చే నొప్పికీ, బాలింతల కడుపునొప్పికీ దాన్ని చెప్పారు. ఎనిమిది కొలతల నీరు మూడు కొలతలయ్యేదాకా మరిగించి, రోజుకు మూడుసార్లు వేడిగా తాగాలని పద్ధతి. చలువ ఎక్కువైతే అల్లం పెంచమన్నారు.

ఈ సంప్రదాయంలో నిషేధాలు కూడా ఉన్నాయి. పొట్లాల మీద మెరిసే ప్రచారంలో అవి కనిపించవు. రక్తస్రావం ఎక్కువగా ఉన్నప్పుడు తాగకూడదు, గర్భవతులు వైద్యుణ్ని అడగకుండా తాగకూడదు, జ్వరంలో వద్దు, విరేచనాలు అవుతుంటే షూదీహువాంగ్ వద్దు. నెలసరి ముగిశాకే తాగాలన్న ఆచారం ఈ జాగ్రత్తకు అనుగుణంగానే ఉంది. నొప్పి పుట్టిన రోజునే గిన్నెడు తాగేసే కొత్త అలవాటుకు పాత వైద్యం కూడా ఒప్పుకోదు.

ఇక నొప్పి ఎలా పుడుతుందో చూద్దాం. నెలసరి వేళ గర్భాశయపు లోపలి పొర ఊడేటప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలవుతాయి. అవి గర్భాశయ కండరాన్ని గట్టిగా బిగిస్తాయి, రక్తప్రసరణ తగ్గి నొప్పి వస్తుంది. వికారం, విరేచనాలు, తలనొప్పి కూడా చాలావరకు వీటి పనే. వేరే జబ్బేమీ లేకుండా వచ్చే ఈ నొప్పిని ప్రాథమిక నొప్పి అంటారు. ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ వంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే అడ్డుకుంటాయి. వీటి మీద 2015లో వచ్చిన కాక్రేన్ సమీక్ష (అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను కలిపి తూచే పరిశీలన) 80 ప్రయోగాలను, 5,820 మంది స్త్రీలను లెక్కలోకి తీసుకుంది. మందులా కనిపించే ఉత్తుత్తి మందు (ప్లసీబో) వేసుకున్నవారిలో నూటికి 18 మందికి చెప్పుకోదగ్గ ఉపశమనం దొరికితే, ఈ మందులతో 45 నుంచి 53 మందికి దొరుకుతుందని అంచనా వేసింది. వేర్ల సూప్‌ను దీని పక్కన పెట్టి చూడాలి. ఉత్తుత్తి మందుతోనే 18 మందికి తగ్గిందన్న విషయాన్ని కూడా మరవకూడదు.

చైనా మూలికల మీద కాక్రేన్ సమీక్ష 2008లో వచ్చింది. 39 ప్రయోగాలు, 3,475 మంది స్త్రీలు. అందులో 14 ప్రయోగాలు కలిపి చూస్తే, మామూలు మందులు వాడినవారితో పోలిస్తే మూలికలు వాడినవారిలో నొప్పి తగ్గిన అవకాశం దాదాపు రెండింతలు. చదవగానే ఆశ పుడుతుంది. కానీ సమీక్షకులే బ్రేకు వేశారు. ప్రయోగాలు చాలావరకు చిన్నవి. ఎవరికి ఏ మందు వెళ్తుందో దాచే పద్ధతి బలహీనం. ఒక్కో చోట ఒక్కో యోగం, ఒక్కో కొలత. అందుకే ఆశాజనకమే అయినా నాణ్యత చాలదని తేల్చారు.

నా దృష్టిలో ఇంతకన్నా ఎక్కువ చెప్పే ప్రయోగం 2007లో తైవాన్ నుంచి వచ్చింది. 78 మంది స్త్రీలు పాల్గొన్నారు. లాటరీ పద్ధతిలో సగంమందికి సీ వూ తాంగ్, సగంమందికి ఉత్తుత్తి మందు. ఎవరికి ఏది వెళ్లిందో ఇచ్చేవారికీ తెలియదు, పుచ్చుకునేవారికీ తెలియదు. మూడు నెలసరులపాటు మందు ఇచ్చినంతకాలం రెండు గుంపుల నొప్పిలో గణాంకపరంగా తేడా తేలలేదు. మందు ఆపాక గమనించిన నెలల్లో మాత్రం అసలు మందు వాడినవారిలో నొప్పి తీవ్రస్థాయి కొంత తక్కువగా కనిపించింది. దీన్నిబట్టి సూప్ పనికిరాదని కొట్టిపారేయలేం, 78 మంది చిన్న సంఖ్య. పనిచేస్తుందనీ ప్రకటించలేం. గుట్టు జాగ్రత్తగా కాపాడిన చోట పెద్ద తేడా కరిగిపోయిందంటే, వదులుగా చేసిన ప్రయోగాల్లో కనిపించిన రెండింతల లాభంలో కొంతైనా నమ్మకం వల్ల వచ్చిందేమో అన్న అనుమానం మాత్రం న్యాయమైనదే.

దీనికి తోడు నెలసరి నొప్పికి ఒక స్వభావం ఉంది. అది ఒక నెల భరించలేనంతగా, మరో నెల తేలికగా వస్తుంది. కొత్త వైద్యం ఎవరైనా ఎప్పుడు మొదలుపెడతారు? బాగా బాధపడ్డ నెల తర్వాతే. ఆ మరుసటి నెల ఏమీ చేయకపోయినా నొప్పి కాస్త తగ్గే అవకాశం ఎక్కువ, ఆ పేరు మాత్రం సూప్‌కు దక్కుతుంది. ఒక స్త్రీ తన అనుభవంగా చెప్పిన ఉపశమనం నిజమైనదే. అది ఎందువల్ల కలిగిందో ఆ అనుభవం ఒక్కటే చెప్పలేదు.

పైగా ఆ తైవాన్ ప్రయోగంలో ఇచ్చింది వంటింటి సూప్ కాదు, మందుగా సిద్ధం చేసిన రూపం. ఇంట్లో కాచే గిన్నెలో వేర్లతో పాటు వేడి, ద్రవం, మాంసం, తరచుగా అల్లం కూడా ఉంటాయి. వీటిలో రెండింటికి సొంత సాక్ష్యం ఉంది. 2001లో అమెరికాలో జరిగిన ప్రయోగంలో సుమారు 39 డిగ్రీల సెల్సియస్ వేడినిచ్చే పట్టీని పొత్తికడుపు మీద రోజుకు 12 గంటలు ఉంచితే, ఐబుప్రొఫెన్‌కు దీటుగా పనిచేసింది. అది బయటి నుంచి తగిలే వేడి, కడుపులోకి వెళ్లే వేడి ద్రవానికి అదే ఫలితాన్ని అంటగట్టలేం. అయినా వేడినీళ్ల సంచి పెట్టుకునే మన ఇళ్ల అలవాటుకు అది గట్టి ఊతం.

అల్లం సంగతి కొంచెం ఆసక్తికరం. 2009లో ఇరాన్‌లో 150 మంది విద్యార్థినులను మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు 250 మిల్లీగ్రాముల అల్లం పొడి రోజుకు నాలుగుసార్లు మూడు రోజులు ఇచ్చారు. మిగతా రెండు గుంపులకు మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్. మూడు గుంపుల మధ్య తేడా కనిపించలేదు. కానీ ఉత్తుత్తి మందు గుంపు లేని చోట, మూడూ సమానమన్న ఫలితాన్ని ఆచితూచి చదవాలి. ఆ తర్వాతి సమీక్షలు అల్లం పట్ల మొగ్గు చూపినా, ఆహార పూరకాల మీద 2016లో వచ్చిన కాక్రేన్ సమీక్ష 27 ప్రయోగాలు, 3,101 మందిని పరిశీలించి, ఏ ఒక్కదానికీ ఉన్నత నాణ్యత గల ఆధారం లేదంది. శొంఠి, బెల్లం కషాయం తాగే తెలుగింటి అమ్మాయికి ఇందులో ఊరట ఉంది. ఆమె తాగేది వట్టి ఊహ కాదు, అలాగని రుజువైన మందూ కాదు.

సూప్ రక్తాన్ని నింపుతుందన్న మాటను వేరుగా చూడాలి, ఎందుకంటే ఇక్కడ నష్టం జరగగలదు. చైనా వైద్యం చెప్పే రక్తలోపం ముఖం పాలిపోవడం, తల తిరగడం, నిద్ర పట్టకపోవడం వంటి లక్షణాల గుంపు. హిమోగ్లోబిన్ పరీక్షతో దానికి సంబంధం లేదు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇంతమంది రక్తహీనులున్న చోట వేర్ల పొట్లాన్ని ఐరన్ మాత్రకు బదులుగా ఎవరైనా అమ్మితే ఊరుకోకూడదు. సూప్‌లోని మాంసం కొంత ఇనుము ఇస్తుంది, అంతే. హార్మోన్లను సరిచేస్తుందన్న ప్రచారానికీ బలం తక్కువే. 1997లో అమెరికాలో ముట్లుడిగిన 71 మంది స్త్రీల మీద 24 వారాలు జరిపిన పరీక్షలో దాంగ్‌గుయ్ ఒక్కటే ఇస్తే ఈస్ట్రోజెన్ వంటి ప్రభావం కనబడలేదు.

ప్రమాదాల్లో మొదటిది రక్తం పలచబడడం. గుండెలయ సమస్య వల్ల, రక్తం పలచబరిచే వార్ఫరిన్ వాడుతున్న 46 ఏళ్ల స్త్రీకి దాంగ్‌గుయ్ మాత్రలు మొదలుపెట్టాక రక్తం గడ్డకట్టే సమయం అమాంతం పెరిగిందని 1999లో వైద్యపత్రికలో నమోదైంది. మాత్రలు ఆపాక మామూలు స్థితికి వచ్చింది. రక్తం పలచబరిచే మందులు వాడేవారు, ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారు, అధిక రక్తస్రావం ఉన్నవారు ఈ వేరు జోలికి పోకపోవడమే క్షేమం.

రెండోది ఇంకా పెద్దది: ఒక వేరు స్థానంలో మరో వేరు రావడం. బ్రసెల్స్‌లో బరువు తగ్గించే మందు వాడిన స్త్రీలకు మూత్రపిండాలు చెడిపోయాయని 1993లో బయటపడింది. పేర్లు దగ్గరగా ఉండడంతో ఒక మూలికకు బదులు అరిస్టలోకియా జాతి మొక్క కలిసిపోయింది. బాధితులు వంద దాటారు. ఈ కథకు నెలసరి నొప్పితో నేరుగా సంబంధం ఉంది. చలువ చేసి వచ్చే నెలసరి నొప్పికి వాడే దాంగ్‌గుయ్ సీ నీ తాంగ్ అనే మరో యోగంలో ముతోంగ్ అనే కాండం ఉంటుంది. ఆ పేరు మీద అరిస్టలోకియా జాతి కాండమే చాలాకాలం అమ్ముడైంది. చైనా, తైవాన్ రెండూ 2003లో దాని వాడకానికి అడ్డుకట్ట వేశాయి. అరిస్టలోకిక్ యాసిడ్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది. మన పల్లెల్లో ఈశ్వరి వేరుగా తెలిసిన మొక్కదీ అరిస్టలోకియా జాతే. చైనా మూలిక అయినా, మన చెట్టుమందు అయినా, శాస్త్రీయ నామం రాసి లేని పొట్లాన్ని కొనవద్దని చెప్పడానికి ఇది చాలు.

ఇన్ని తెలిశాక కూడా ఇష్టంగా కాచుకునేవారిని నేను వారించను. ఆరోగ్యవంతురాలై, వేరే మందులేమీ వాడకుండా, గర్భం లేకపోతే నెలసరి ముగిశాక పలచగా కాచిన సూప్ ఒక పూట భోజనంగా సరే. కోడిముక్కలను ముందు వేడినీళ్లలో ఒక పొంగు రానిచ్చి నురగ తీసేస్తే సూప్ తేటగా ఉంటుంది. నొప్పి రోజుల్లోనే కావాలంటే వేర్లు మానేసి అల్లం, మాంసం, రేగుపళ్లతో కాచుకోవచ్చు. మాత్ర వేసుకోవలసినంత నొప్పి ఉంటే వేసుకోండి, కానీ దానికీ కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. మెఫెనమిక్ యాసిడ్ వల్ల అరుదుగా ఒళ్లంతా దద్దుర్లు, జ్వరంతో తీవ్రమైన అలర్జీ రావచ్చని 2023లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. కడుపులో పుండ్లు, మూత్రపిండాల జబ్బు, ఆస్తమా ఉన్నవారు వైద్యుణ్ని అడగాలి.

ఏ సూప్‌తోనూ కాలయాపన చేయకూడని నొప్పి కూడా ఉంది. ఏళ్ల తరబడి లేని నొప్పి కొత్తగా మొదలైతే, నెలనెలా పెరుగుతుంటే, నెలసరి లేని రోజుల్లో, కలయికలో, మలవిసర్జనలో నొప్పి ఉంటే, గంటకో ప్యాడ్ తడుస్తుంటే స్త్రీల వైద్యురాలి దగ్గరికి వెళ్లాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో ప్రసవ వయసు స్త్రీలలో దాదాపు 10 శాతానికి ఎండోమెట్రియోసిస్, అంటే గర్భాశయపు లోపలి పొరలాంటి కణజాలం దాని బయట పెరిగే జబ్బు, ఉంటుంది. అది తేలడానికి చాలామందికి ఏళ్లు పడుతోంది. ఆడపిల్ల నొప్పి అంటే ఇది మామూలేనని సర్దిచెప్పడమే ఆ ఆలస్యానికి ఒక కారణం.

పరిశోధకులు ఇకముందు చేయవలసిన ప్రయోగం కష్టమైనదే గాని అసాధ్యం కాదు. ఒకే వంటశాలలో, ఒకే మాంసంతో, ఒకే వేడిలో మూడు సూప్‌లు కాచాలి. ఒకదానిలో నాలుగు వేర్లు, ఒకదానిలో అల్లం మాత్రమే, మూడోదానిలో రంగు, వాసన కలిసేలా హానిలేని దినుసులు. వేర్లలో అరిస్టలోకిక్ యాసిడ్, సీసం లేవని ముందే ప్రయోగశాలలో తేల్చుకోవాలి. కనీసం ఆరు నెలసరులు గమనించి, నొప్పితో పాటు వేసుకున్న మాత్రల సంఖ్య, మానిన బడిరోజులు, హిమోగ్లోబిన్ కూడా రాసుకోవాలి. దాంగ్‌గుయ్ ఘాటును మరో దినుసుతో దాచడమే ఇందులో అన్నిటికన్నా కష్టమైన పని.