బెట్టీస్ హోప్ గాలిగానుగ

శర్కర అనే సంస్కృత పదానికి మొదటి అర్థం గులకరాయి, ఇసుక పలుకు. చెరకురసాన్ని కాచగా ఏర్పడిన గట్టి పలుకులకు ఆ పేరు పోలిక చేత వచ్చి, కాలక్రమేణ అసలు పేరుగా నిలిచిపోయింది. ఆ పదమే పారశీకంలో షకర్ అయింది, అరబ్బీలో సుక్కర్ అయింది, ఆంగ్లంలో షుగర్ అయింది. ఖండ శబ్దం అదే దారిన పోయి కాండీగా మారింది. మన చక్కెర సైతం ప్రాకృతం మీదుగా వచ్చిన తద్భవమే. పదాల దేశాటనకు ఉదాహరణగా దీనిని తరగతిలో ఎన్నో ఏళ్ళు చెప్పాను. ఆ పదార్థం కోసం మనుషులను ఎంత దూరం, ఏ స్థితిలో తరలించారో ఆంటిగ్వా ద్వీపంలోని బెట్టీస్ హోప్ చూసిన రోజున గాని నాకు కన్నులకు కట్టలేదు.

ఆంటిగ్వా కరీబియన్ సముద్రపు తూర్పు అంచున ఉన్న చిన్న ద్వీపం. విస్తీర్ణం సుమారు 280 చదరపు కిలోమీటర్లు. దానికి ఆ పేరు పెట్టినవాడు కొలంబస్, 1493లో. కరీబియన్ ద్వీపాలకు చెరకు గడను తొలిసారి తెచ్చినదీ ఆ రెండవ యాత్రలోనే. 1632లో ఆంగ్లేయులు ఆంటిగ్వాలో స్థిరపడ్డారు. 1650 ప్రాంతంలో గవర్నరు క్రిస్టఫర్ కీనెల్ బెట్టీస్ హోప్ తోటకు నాంది పలికాడు. 1674లో అది బార్బడోస్‌కు చెందిన క్రిస్టఫర్ కాడ్రింగ్టన్ చేతికి వచ్చింది. కుమార్తె ఎలిజబెత్ ముద్దుపేరు మీద తోటకు 'బెట్టీ ఆశ' అని అర్థం వచ్చే ఈ పేరు పెట్టాడు. 1944 దాకా అది ఆ వంశం వారి ఆస్తి.

ఆ ద్వీపంలో చెప్పుకోదగిన నదులు లేవు. కాబట్టి జలయంత్రాలకు అవకాశం లేదు. తూర్పు నుంచి ఎడతెగక వీచే వ్యాపార పవనాలు మాత్రం పుష్కలం. అందుచేత గుట్ట గుట్టకూ గాలిమరలు లేచాయి. నేటికీ వందకు పైగా రాతి బురుజులు ఆ పొలాల మధ్య మొండిగా నిలిచి ఉన్నాయి. బెట్టీస్ హోప్‌లో ఉన్నవి జంట బురుజులు. వాటిలో ఒకదానిని 1995లో పునరుద్ధరించి, రెక్కలనూ యంత్రాన్నీ తిరిగి అమర్చారు.

లోపలికి అడుగు పెట్టగానే మన ఊరి చెరకు గానుగ తెలిసినవారికి పరిచయమైన దృశ్యమే కనబడుతుంది. నిలువుగా నిలబెట్టిన మూడు రోళ్ళు. మన గానుగను ఎద్దులు తిప్పుతాయి, ఇక్కడ గాలి తిప్పుతుంది. పైనున్న రెక్కల ఇరుసు పళ్ళచక్రం ద్వారా మధ్యనున్న నిలువు స్తంభాన్ని తిప్పుతుంది. దానితో పాటు మధ్య రోలు, దాని పళ్ళు పట్టి పక్క రోళ్ళు తిరుగుతాయి. ఒక వైపు నుంచి ఒకరు గడలు అందిస్తే, అవతల నిలిచిన వేరొకరు నలిగిన గడలను రెండవ సందులోంచి వెనక్కు పంపేవారు. గాలి దిశ మారితే పొడవాటి దూలం పట్టి, రెక్కలతో సహా శిఖర భాగాన్ని గాలికి ఎదురుగా తిప్పేవారు.

రసం కాలువ వెంట వంటశాలకు పోతుంది. అక్కడ క్రమంగా చిన్నవవుతూ పోయే రాగి బానల వరుస. సున్నం కలిపి, మడ్డి తీస్తూ, ఒక బానలోంచి మరొక దానిలోకి తోడుతారు. చివరి బాన దగ్గర నిలిచినవాడు బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పాకం సాగదీసి, తీగ వచ్చిందా లేదా అని చూసేవాడు. అనకాపల్లి వైపు బెల్లం వండేవారికి వివరించనక్కరలేని విద్య ఇది. తీగ తెగే క్షణం ఎరిగిన ఆ నిపుణుడు బానిస. ఆఫ్రికా నుంచి ఓడలో బంధించి తెచ్చినవాడో, అట్టివారి సంతతివాడో.

నరికిన చెరకు ఒకటి రెండు రోజులలో పులిసిపోతుంది. గాలి వీస్తున్నంత సేపూ మర ఆగదు. కాబట్టి కోతకాలంలో రాత్రింబవళ్ళు పని. నిద్ర ముంచుకొచ్చి గడతో పాటు వేళ్ళు రోళ్ళ నడుమ పడితే, రెక్కల వేగాన్ని అప్పటికప్పుడు ఆపడం సాధ్యం కాదు. అందుకని గానుగ పక్కన ఒక గొడ్డలి సిద్ధంగా ఉంచేవారని ఆనాటి కరీబియన్ తోటల వర్ణనలు చెబుతున్నాయి. చేతిని నరికితేనే మనిషి దక్కేవాడు.

ఈ తోటల సంపద ఎక్కడికి పోయిందన్న ప్రశ్నకు వచ్చే సమాధానం ఉపాధ్యాయుడనైన నన్ను ఎక్కువగా బాధించింది. కాడ్రింగ్టన్ కుమారుడి పేరు కూడా క్రిస్టఫరే. 1668లో బార్బడోస్‌లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, అక్కడి ఆల్ సోల్స్ కళాశాలలో సభ్యుడయ్యాడు. తండ్రి తర్వాత లీవర్డ్ దీవులకు గవర్నరయ్యాడు. గొప్ప గ్రంథప్రియుడు. 1710లో మరణిస్తూ ఆ కళాశాలకు 10,000 పౌండ్లు, 6,000 పౌండ్ల విలువ చేసే గ్రంథాలు రాసి ఇచ్చాడు. ఆ ధనంతో కట్టిన గ్రంథాలయం 1751లో పూర్తయింది. నడుమ అతని పాలరాతి విగ్రహం. బార్బడోస్‌లోని తోటలనూ అక్కడి బానిసలనూ ఒక క్రైస్తవ ప్రచార సంఘానికి రాశాడు. ఆ సంఘం బానిసల రొమ్ములపై తన పేరును కాల్చి ముద్ర వేయించింది. ఆ తోటల ఆదాయం మీదే అక్కడ ఒక విద్యాలయం నిలిచింది.

సరస్వతీ నిలయాలన్నీ పుణ్యధనంతోనే లేచాయని మనం పిల్లలకు చెప్పలేం. గ్రంథాన్ని కళ్ళకద్దుకునే సంస్కారం మనది. ఆ గ్రంథం వెలలో గానుగలో తెగిన చేతి వెల కూడా చేరి ఉందని చెప్పడం గ్రంథాన్ని అవమానించడం కాదు. చదువు చేయవలసిన మొదటి పని అదే.

1834 ఆగస్టు 1న ఆంటిగ్వాలో బానిసత్వం రద్దయింది. తక్కిన ద్వీపాలలో విధించిన నిర్బంధ శిక్షణ గడువు కూడా ఇక్కడ లేదు. అయితే బ్రిటిష్ ప్రభుత్వం సామ్రాజ్యమంతటా కలిపి 2 కోట్ల పౌండ్ల పరిహారాన్ని యజమానులకు ఇచ్చింది. విముక్తులకు దక్కింది శూన్యం. ఆ తరువాతి దశాబ్దాలలో చెరకు తోటలు కూలీల కోసం మన దేశం వైపు చూశాయి. మారిషస్ తోటలకు ఓడలెక్కిన మన తెలుగువారి కథ అక్కడ మొదలవుతుంది. అది వేరే వ్యాసానికి తగిన విషయం.

2018లో ఆ గ్రంథాలయ ద్వారం వద్ద, కాడ్రింగ్టన్ తోటలలో బానిసలుగా శ్రమించినవారి స్మృతికి ఒక ఫలకం పెట్టారు. 2020లో గ్రంథాలయానికి కాడ్రింగ్టన్ పేరు వాడడం మానివేశారు. విగ్రహాన్ని తొలగించలేదు. ఫలకం మీద వ్యక్తుల పేర్లు లేవు. అటువంటి పేర్లు దొరికేది తోటల లెక్కల పుస్తకాలలోనే. యజమానులు పెట్టిన పేరు, దాని పక్కన వయసు, పని, వెల. కన్నతల్లి పిలిచిన పేరు వ్రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు.