ఉపాధ్యాయుల పదవీ విరమణ ప్రణాళిక: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతం

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల ప్రభుత్వ, జిల్లా పరిషత్ బడుల పంతుళ్ల విశ్రాంత జీవితాన్ని జీతం కన్నా నియామక తేదీయే ఎక్కువగా నిర్ణయిస్తుంది. 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినవారికి కరువు భత్యంతో పెరిగే పాత పింఛను ఉంది. తర్వాతివారికి సీపీఎస్ (కంట్రిబ్యూటరీ పింఛను పథకం): మూల వేతనం, కరువు భత్యాలపై ఉద్యోగి వాటా 10 శాతం, దానికి ప్రభుత్వ వాటా తోడు. విరమణ నాడు నిధిలో కనీసం 40 శాతంతో యాన్యుటీ (క్రమం తప్పక పింఛనిచ్చే బీమా పథకం) కొనాలి. 2003 డీఎస్సీలో ఎంపికై, నియామకం ఆలస్యమై సీపీఎస్‌లో పడినవారి అభ్యంతరం న్యాయమైనదే.

మార్కెట్ పెరిగితే సీపీఎస్సే మేలని కొందరంటారు. ముప్పై ఏళ్ల సర్వీసుకు అది నిజం కావచ్చు. నలభైకి చేరువలో చేరినవారికి కూడబెట్టే వ్యవధే తక్కువ. సాధారణ యాన్యుటీ ధరలతో పాటు పెరగదు కూడా. 2022లో విరమణ వయసు 62కి పెరగడం వల్ల దక్కింది రెండేళ్ల అదనపు జమే. అందుకే ఏపీజీఎల్‌ఐ (రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల జీవిత బీమా) ప్రీమియాన్ని ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలోనే పెంచుకోవడం వీరికి అవసరం.