డెర్వెంటు లోయకు ప్రదక్షిణము

ఇంగ్లండు నడిభాగమున, షెఫీల్డు నగరమునకు పడమటగా, డెర్వెంటు అను చిన్న నది బీడుకొండల నడుమ దక్షిణముగా ప్రవహించుచున్నది. దానిపై ఒకదాని దిగువ నొకటిగా మూడు జలాశయములు కలవు: పైన హౌడెన్, నడుమ డెర్వెంటు, దిగువ లేడీబవర్. పై రెండింటిని చుట్టి వచ్చుటకు సుమారు 10 మైళ్ల నడక. మన పెద్దలు కొండచుట్టు ప్రదక్షిణము చేసినట్లు, ఆంగ్లేయులు సెలవు దినములలో చేతికఱ్ఱ పట్టి, వీపున సంచి తగిలించుకొని ఈ నీటిచుట్టు తిరుగుదురు. పుణ్యము మాట యెట్లున్నను, ఈ త్రోవలో చరిత్ర మాత్రము అడుగడుగునను కాలికి తగులును. శ్రోతలను నేడు ఆ త్రోవన తోడ్కొని పోదుము.

మేజోళ్లు అల్లు లెస్టరు, లేసు నేయు నాటింగ్‌హాము, ఉక్కు కరగించు షెఫీల్డు, వీటితోపాటు డెర్బీ. ఈ నాలుగు పట్టణములును పందొమ్మిదవ శతాబ్దమున త్వరత్వరగా పెరిగినవి. పెరిగిన కొలది దాహము పెరిగినది. వానలు మెండుగా కురియు ఈ కొండలోయ అన్నిటి కంటను పడెను. తగవు లేకుండ పంచుకొనుటకై 1899లో పార్లమెంటు చట్టముచే డెర్వెంటు లోయ జలమండలి ఏర్పడినది.

ఫెయిర్‌హోమ్స్ అనుచోట బయలుదేరిన కొలది నిమిషములకే డెర్వెంటు ఆనకట్ట యెదురగును. 110 అడుగులకు మించిన రాతికట్టు. దానిపై కోటబురుజులవంటి జంట గోపురములు. జలాశయము నిండినపుడు నీరు కట్ట పొడవునను తెరవలె జాలువారును. దీని పని 1902లో మొదలై 1916లో ముగిసెను. హౌడెన్ కట్ట అంతకు ముందే, 1912లో పూర్తియయ్యెను. 1943 వసంతమున బ్రిటిషు వైమానిక దళపు 617వ స్క్వాడ్రన్ వారు లాంకాస్టర్ విమానములను ఈ నీటిపై మిక్కిలి తక్కువ యెత్తున నడిపి సాధన చేసిరి. ఆ మే నెల 16వ తేదీ రాత్రి బయలుదేరి, జర్మనీలోని మోనె, ఎడర్ ఆనకట్టలను పగులగొట్టిరి. నగరములకు నీరిచ్చు కట్టచెంత కట్టలు కూల్చు విద్య నేర్చుట వింతయే. 1955 నాటి చలనచిత్రము ఆ వైమానికుల సాహసమును లోకమెల్ల చాటినది. ఆ వరదలో వేయిమందికి పైగా మడిసిరనియు, వారిలో పెక్కుమంది నాజీలు బలవంతముగా పనికి పట్టుకొనిపోయిన పరదేశపు కూలీలనియు చాటినవారు తక్కువ.

తూర్పుగట్టున ఉత్తరముగా నాలుగైదు మైళ్లు నడచి, హౌడెన్ జలాశయపు తల దాటినచో, స్లిపరీ స్టోన్స్ అనుచోట సన్నని రాతివంతెన యొకటి కాన్పించును. పెరికలు మోయు గుర్రములు ఒకదాని వెనుక నొకటిగా నడచుటకు పదునేడవ శతాబ్దమున కట్టినది. కాని అది పుట్టినచోటు ఇది కాదు. ఇచట మనము కొంచెముసేపు నిలువవలెను.

వంతెన మొదట దిగువనున్న డెర్వెంటు గ్రామములోనిది. రెండు జలాశయములును చాలకపోవుటచే జలమండలి 1935లో లేడీబవర్ కట్ట మొదలిడెను. దానిచే డెర్వెంటు, ఆషప్టన్ అను రెండు పల్లెలు మునుగవలసి వచ్చెను. 1943 మార్చిలో గ్రామ దేవాలయమున కడపటి ప్రార్థన జరిగెను. శ్మశానమునందలి మృతులను త్రవ్వితీసి బామ్‌ఫర్డ్ ఊరిలో తిరిగి పూడ్చిరి. బ్రతికియున్నవారికై కట్ట దిగువన యార్క్‌షైర్ బ్రిడ్జి అనుచోట కొత్త యిండ్లు కట్టించిరి. తమ యింటిని ముంచిన కట్ట నీడనే కాపురము! 1945 సెప్టెంబరు 25వ తేదీన ఆరవ జార్జి చక్రవర్తి వచ్చి జలాశయమును ప్రారంభించెను.

దేవాలయ శిఖరమును మాత్రము గుర్తుగా నిలిపిరి. నీటినుండి పైకి వచ్చిన ఆ శిఖరము ప్రమాదకరమని తలచి 1947 డిసెంబరు 15న మందుపెట్టి పేల్చివేసిరి. దాని గంట డెర్బీలోని చాడెస్డెన్ దేవాలయమునకు చేరినది. 1672 నాటి డెర్వెంట్ హాల్ అను భవనమును కూల్చిరి. వంతెన రాళ్లకు మాత్రము అంకెలు వేసి, జాగ్రత్తగా దాచి, 1959లో ఈ యేటిపై మరల పేర్చిరి. పల్లెలో దక్కినది వంతెన యొక్కటే యనుట పెద్ద అతిశయోక్తి కాదు. 1976, 1995, 2018, 2022 సంవత్సరముల యెండలకు నీరు తగ్గి పునాదులు బయటపడినపుడు జనులు తండోపతండములుగా చూడబోయిరి. 2018లో బురదలో కూరుకొనిపోయినవారిని రక్షకదళము వారు లాగవలసి వచ్చినది.

వంతెన దాటి పడమటిగట్టున దిగివచ్చుచుండగా బర్చిన్‌లీ స్థలము తగులును. పై రెండు కట్టలు కట్టిన కూలీలకును, వారి కుటుంబములకును రేకులతో వేసిన ఊరది. జనులు దానిని ‘రేకుల పట్టణ’మనిరి. బడి, ఆసుపత్రి, స్నానశాల, వినోదశాల, రైలుస్టేషను కూడ నుండెను. అంతకు అర్ధశతాబ్దము ముందు సమీపముననే వుడ్‌హెడ్ సొరంగము త్రవ్విన కూలీలు గుడిసెలలో పడిన పాట్లతో పోల్చినచో, ఇది గొప్ప మార్పని మా అభిప్రాయము. పని ముగియగానే ఊరిని విప్పి, రేకులను, కొయ్యను అమ్మివేసిరి.

ఈ కొండలపై సామాన్యుడు నడచుట ఒకప్పుడు నిషిద్ధము. భూస్వాముల పక్షివేటకై కావలివారుండిరి. 1932 ఏప్రిల్ 24న, ఇచటికి పడమటనున్న కిండర్ స్కౌట్ కొండపైకి శ్రామిక యువకులు గుంపుగా నడచి పోగా, అయిదుగురు చెరసాల పాలైరి. 1949లో శాసనము వచ్చి, 1951లో ఈ ప్రాంతము బ్రిటనులో మొట్టమొదటి జాతీయోద్యానమైనది.

మరల డెర్వెంటు కట్ట చేరుచుండగా బాటప్రక్కన ఒక చిన్న రాతిగుర్తు. 1953 డిసెంబరులో ఒక ముదుసలి గొఱ్ఱెలకాపరి హౌడెన్ బీడులలో మరణించెను. ఆతని కుక్క, టిప్ అను పేరు గలది, 15 వారములు ఆ శవమును విడువక కాచుకొని యుండెను. 1954 మార్చిలో కనుగొన్నపుడు అది యెముకల గూడై యున్నది, బ్రతికినది. ఆ రాయి ఆ కుక్కకై నిలిపినది.